జాబితాలో లేని పేర్లు

ఎమ్మిగనూరులో మా పదవ తరగతి వాళ్ళం కలుసుకున్నాం. వచ్చినవాళ్ళు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వ్యాపారులు. వానలు తప్పిన ఏళ్ళలో అమ్మానాన్నల వెంట గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయి, చదువు మధ్యలో వదిలినవాళ్ళ పేర్లు జాబితాలో లేవు. ఆ జాబితా రాసింది నేనే.

వాళ్ళలో ఒకడు నా పక్కన కూర్చున్నవాడు. తర్వాత ఆదోని పత్తి మార్కెట్టులో హమాలీగా కనిపించాడు. "ఒరే" అన్నాను. "బాగున్నారా సారూ" అన్నాడు. నా పిలుపులో చనువు ఉంది. అతని జవాబులో మా ఇద్దరి బతుకుల మధ్య పెరిగిన ఎడం ఉంది.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు మాది. ఒంటరిగా నిలవలేని మగ్గాలు కలిసి నిలవాలన్నదే దాని మూలసూత్రం. మా స్నేహానికి ఆ సూత్రం ఎందుకు పట్టలేదు? వచ్చేసారి హాజరుపట్టీని ఆరవ తరగతి నుంచి చదవాలి.