రూపాయి ఇడ్లీ దగ్గర పన్నెండు రోజులు

మన సంఘాలలో చాలమందికి మద్రాసు అంటే ఆసుపత్రే. సముద్రం చూడడానికి వెళ్ళినవారికంటె జబ్బు మనిషిని తీసికొని వెళ్ళినవారే ఎక్కువ. 2023 జూలైలో నేనూ ఆ విధంగానే వెళ్ళాను. మా అన్నయ్యకు పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు. చెప్పు కరచిన చిన్న పుండు పాదమంతా పాకింది. ఊళ్ళో చూపించాం, పట్నంలో చూపించాం. చివరకు మోకాలి కింద తీసివేయవలసి వస్తుందేమో అన్నారు. ఆ మాట విన్న రాత్రి వదిన నిద్రపోలేదు. తెల్లవారి సూళ్ళూరుపేటలో రైలెక్కి ముగ్గురం చెన్నపట్నం చేరుకొన్నాం.

సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా, రోడ్డు కింది సొరంగ మార్గం దాటితే పెద్దాసుపత్రి. 1664లో తెల్లవారు కోటలోపల తమ సిపాయిల కోసం పెట్టిన చిన్న వైద్యశాల అది. 1772 నుండి ఇప్పుడున్న చోట ఉంది. ఇప్పుడు రాజీవ్ గాంధీ పేరుతో పిలుస్తున్నా, మనవాళ్ళకు మాత్రం అది జి.హెచ్. మాత్రమే. మన సరిహద్దు పల్లెలనుండి వచ్చినవాళ్ళు వరండాలలో చాపలు పరచుకొని తెలుగులో మాట్లాడుకొంటూ ఉంటే పరాయి ఊరన్న బెరుకు సగం పోతుంది.

రోగికి పాలు, రొట్టె, భోజనం ఆసుపత్రివారే ఇస్తారు. తోడు ఉన్నవారి తిండి మాత్రం ఎవరిది వారిదే. ఈ సంగతి మాకు ముందు తోచలేదు. వదిన నడుముకు కట్టుకొన్న గుడ్డసంచిలో పదకొండు వేల రూపాయలున్నాయి. అందులో సగం అప్పు. బయట హోటలులో ఒక భోజనం వంద రూపాయలు. మొదటిరోజు ఇద్దరం తిన్నాం. ఆ రాత్రి వదిన సంచి విప్పి లెక్కపెట్టి, మళ్ళీ కట్టుకొని, ఏమీ అనలేదు.

మరునాటినుండి “నాకు ఆకలి లేదు అమ్మణ్ణీ, నువ్వు తినేసి రా” అనడం మొదలుపెట్టింది. పూటకు ఒక బన్ను, ఒక టీ. నేను గట్టిగా అడిగితే కోప్పడేది. నాలుగో రోజున మందుల చీటీ పట్టుకొని వరుసలో నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి కూలబడింది. పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన పుత్తూరు ఆమె మంచినీళ్ళు చల్లి, రెండు మాటలలోనే సంగతి గ్రహించింది. “బువ్వ తినకుండా మొగుడికి కాపలా కాస్తావా? ఇక్కడే ఆసుపత్రి ఆవరణలోనే రూపాయికి ఇడ్లీ పెడతా ఉండారు, లెయ్” అన్నది.

వదిన లేవలేదు. “ధర్మసత్రం కూడు మేం తినం” అన్నది. మాకు రెండెకరాల మాగాణి ఉంది; మా ఇంటికి వచ్చినవాడు పస్తుగా పోడు. కనుక ఆమె మాట నాకు అర్థమైంది. కాని అది గర్వపు మాట కూడా. ఆ సమయంలో గర్వానికీ ఆకలికీ మధ్య నేను ఏమి చెప్పాలో తెలియక ఊరకున్నాను.

పుత్తూరు ఆమె ఊరకుండలేదు. చెయ్యి పట్టుకొని తీసికొనిపోయింది.

అమ్మ ఉణవగం అని తమిళంలో రాసి ఉంది. మనవాళ్ళు అమ్మ క్యాంటీను అంటారు. 2013 ఫిబ్రవరిలో, జయలలితగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, చెన్నై నగరపాలక సంస్థ వీటిని ప్రారంభించింది. ఆమెను జనం అమ్మ అనేవారు గనుక ఆ పేరు. ఆమె 2016 డిసెంబరులో చనిపోయినా, తరువాత ప్రభుత్వం మారినా, మేము వెళ్ళిన నాటికి అవి నడుస్తూనే ఉన్నాయి. ఉదయం ఇడ్లీ రూపాయి, పొంగలి ఐదు. మధ్యాహ్నం సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు. సాయంత్రం పప్పుతో రెండు చపాతీలు మూడు రూపాయలు. ఈ ధరకు గిట్టదని చెప్పనవసరం లేదు. ఆ నష్టం నగరపాలక సంస్థ భరిస్తుంది.

లోపల కుర్చీలు లేవు. నడుము ఎత్తు బల్లల దగ్గర నిలబడి తినాలి. ముందు డబ్బిచ్చి టోకెను తీసికోవాలి, తరువాత స్టీలు పళ్ళెం పట్టుకొని వరుసలో వెళ్ళాలి. వండేదీ వడ్డించేదీ అంతా ఆడవాళ్ళే. స్వయం సహాయక సంఘాల సభ్యులు, తలకు టోపీ, చీర మీద కోటు. అప్పట్లో రోజుకూలి 300 రూపాయలట. ఆవిరి పాత్రల మూతలు తీస్తుంటే ముఖానికి వేడి కొట్టింది.

వరుసలో మా ముందు ఇస్త్రీ చొక్కా వేసికొన్న ఒక గుమాస్తాలాంటాయన, ఆయన ముందు సిమెంటు మరకల లుంగీతో ఇద్దరు కూలీలు, ఒక ఆటోవాడు, పుస్తకాల సంచితో ఒక కుర్రవాడు. ఎవరూ తల వంచుకొని లేరు. వదిన వాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. ఐదు రూపాయల నాణెం తానే ఇచ్చి నాలుగు ఇడ్లీలకు టోకెను తీసికొని, తిరిగి ఇచ్చిన రూపాయిని జాగ్రత్తగా సంచిలో వేసికొన్నది. డబ్బిచ్చి కొనుక్కొన్నామన్న ఆ కాస్త తృప్తితో ఆమె భుజాలు దిగినట్లు నాకనిపించింది. నాలుగూ తిని మళ్ళీ వెళ్ళి మరి రెండు తెచ్చుకొన్నది.

ఆ తిండి ఎలా ఉందని పాఠకులు అడుగుతారు. ఇడ్లీ మెత్తన, వేడి. మరిగి మరిగి నల్లబడిన నూనె లేదు, నిన్నటి కూర లేదు. ఆసుపత్రి చుట్టూ దొరికే వడలూ పరోటాలూ తిని కడుపు చెడగొట్టుకొన్న తోడుమనుషులను చూశాను గనుక ఈ మాట తూచి చెబుతున్నాను. సాంబారు మాత్రం పలుచన. రోజూ అదే వంట. ముక్కలు వెదకుకోవాలి, వట్టి అన్నమే ఎక్కువ. మా అన్నయ్యవంటి చక్కెర జబ్బువారు మధ్యాహ్నం కడుపునిండా తినదగినది కాదు. అటువంటివారు సాయంత్రం చపాతీ పప్పుకే వస్తామని ఒక ముసలాయన నాతో వచ్చీరాని తెలుగులో చెప్పాడు. మోకాళ్ళ నొప్పులవారికి నిలబడి తినడం కష్టమే. ఒక అవ్వ గోడవార నేలమీద కూర్చొని పెరుగన్నం తింటూ ఉంటే, వడ్డించే పిల్ల ఆమె దగ్గరకే నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పార్సెలు కట్టరు. వదిన అన్నయ్యకు రెండు ఇడ్లీలు తీసికొనిపోతానని టిఫిను గిన్నె చాపితే టోకెను ఇచ్చే ఆమె తల అడ్డంగా ఊపింది. మూట కట్టి బయట అమ్ముకొంటారని ఆ నియమమట. వదినకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ నియమం సబబే అనిపించింది. ఇద్దరం ఆ రోజంతా దీని మీద వాదించుకొన్నాం!

మన తెలుగు రాష్ట్రాలలోనూ ఇటువంటివి ఉన్నవే. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 జూలైలో అన్న క్యాంటీన్లు తెరిచి, 2019లో మూసివేసి, 2024 ఆగస్టులో గుడివాడనుండి మళ్ళీ తెరిచారు. మేము మద్రాసులో ఉన్న ఆ రోజులలో మనవి మూతబడి ఉన్నాయి. పుత్తూరు ఆమె ఆ మాట ఎత్తి నిట్టూర్చింది. నడిపేవాడి పేరు మారితే పొయ్యి ఆరిపోవలసిన అవసరమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2015 డిసెంబరు వరదలలో మద్రాసు మునిగినప్పుడు ఈ పొయ్యిల మీద వండినది జనానికి ఉచితంగా పెట్టారని అక్కడివారు ఇంకా చెప్పుకొంటారు.

ఆరో రోజున అన్నయ్యకు శస్త్రచికిత్స జరిగింది. రెండు వేళ్ళు తీసివేశారు. కాలు నిలిచింది. ఆ కబురు చెప్పినప్పుడు వదిన ఏడ్వలేదు. “సాంబారన్నం వేళ దాటిపోతుంది, పా” అన్నది. అక్కడ నిలబడి, చేతిలో పళ్ళెం పెట్టుకొని, కళ్ళు మూసికొని ప్రార్థించింది. ఆ ప్రార్థన ముగిసేవరకు వెనుకనున్న ఆటోవాడు మమ్మల్ని తొందరపెట్టలేదు.

మొత్తం పన్నెండు రోజులున్నాం. క్యాంటీను పట్టిన తరువాత ఇద్దరి తిండికి రోజుకు ముప్పై నలభై రూపాయలకు మించలేదు. గుడ్డసంచిలోని డబ్బు మందులకూ కట్లకూ సరిపోయి, రైలు ఖర్చులకు మిగిలింది.

ఇంటికి బయలుదేరిన ఉదయం వరండాలో కొత్తగా దిగిన ఒక పిల్ల కనబడింది. కాళహస్తివైపు మాట. ఒళ్ళో బిడ్డ, చేతిలో బన్ను. వదిన అన్నయ్యను నాకు అప్పగించి, సంచి విప్పుకొంటూ వెళ్ళింది. కాసేపటికి టోకెన్లు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల వెనక్కి జరిగి, “వద్దక్కా” అన్నది.

“ధర్మం కాదులే. ఈ పూటకు నేను కొన్నా. మధ్యాహ్నానికి నువ్వే కొనుక్కో, ఐదు రూపాయలే” అని, పది గంటలకు మూస్తారని రెండుసార్లు చెప్పి, అన్నయ్య చంకకింద చెయ్యి వేసి, రైలుకు పదమన్నది.