ఫీదో నిరీక్షణము

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునకు ఉత్తరమున ముజెల్లో యను లోయ కలదు. ఆ లోయలో లూకో యను పల్లెయందు కార్లో సొరియానీ యను శ్రామికుడు భార్యతో నివసించుచుండెను. అతడు బొర్గో సాన్ లొరెంజో పట్టణమున ఇటుకబట్టీలో పనిచేయుచు, దినదినము బస్సులో పోయి వచ్చుచుండెడివాడు. 1941వ సంవత్సరము నవంబరు మాసమున ఒకనాటి రాత్రి అతడు బస్సు దిగి యింటికి నడచిపోవుచుండగా, దారిప్రక్క కాలువలో గాయపడిన కుక్క యొకటి కనబడెను. అది యెవరిదో తెలియదు. యుద్ధకాలమగుటచే రొట్టెను సైతము కొలిచి యిచ్చుచుండిన దినములవి. చూచి చూడనట్లు పోయినను అతనిని తప్పుపట్టువా రుండరు. అయినను సొరియానీ దానిని ఇంటికి దెచ్చెను. ఆలుమగ లిరువురును ఉపచారము చేసి బ్రదికించి, ఫీదో యని పేరు పెట్టిరి. లాటిను భాషలో నమ్మదగినవా డను నర్థము గల పదమునుండి పుట్టిన పేరది. మన యూళ్లలో పిరికికుక్కను సైతము టైగరని పిలుచుచుందురు. ఇచట మాత్రము పేరు తగియుండెను.

కోలుకొన్న నాటినుండి ఫీదో ఉదయమున యజమానుని వెంట బస్సు నిలుచు చోటి వరకు పోవును. బస్సు కదలిన పిమ్మట ఇల్లు చేరును. సాయంకాలము మరల అచటి కేగి, అతడు దిగగానే తోక యాడించుచు ఎగిరి దుముకును. ఇట్లు రెండేండ్లు గడచెను.

1943 డిసెంబరు 30వ తేదీన మిత్రరాజ్యముల విమానములు బొర్గో సాన్ లొరెంజోపై బాంబులు కురిపించెను. పెక్కుమంది పనివాండ్రు మరణించిరి. సొరియానీ వారిలో నొకడు. ఆ సాయంకాలమును ఫీదో బస్సుకడకు పోయెను. యజమానుడు దిగలేదు. అతడు మరణించెనని భార్యకు చెప్పుటకు మనుష్యు లుండిరి; కుక్కకు చెప్పుట యెట్లు? మరునాడును అది పోయెను. యుద్ధము ముగిసెను, 1946లో రాజరికము పోయి ఇటలీ గణతంత్రమయ్యెను, వానకాలములును మంచుకాలములును వచ్చిపోయెను. ఫీదో బస్సువేళ తప్పలేదు. 5,000 దినములకు మించి అది అట్లు పోయి, దిగువారి వంక చూచి, ఒంటరిగా మరలివచ్చెను.

ఇది వట్టి అలవాటని కొందరందురు. ఫలము దొరకని అలవాటు పదునాలుగేండ్లు నిలుచునా? సెలవులని తెలిసిన బాలుడు మరునాడు బడిగుమ్మము త్రొక్కునా? పెంచినవారును కుక్కయు ఒకరి కన్నులలో నొకరు చూచుకొనునపుడు ఆక్సిటోసిన్ అను ద్రవ్యము ఇరువురి శరీరములందును అధికమగుచున్నదని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లికిని చంటిబిడ్డకును మమత కుదురుటకు తోడ్పడునదియు ఆ ద్రవ్యమే. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునకము ధర్మదేవత యని భారతము చెప్పుచున్నది. ఫీదోయందు ఏ దేవతయు దాగియుండలేదు. అది కాలువలో దొరకిన సామాన్యపు కుక్క. కావుననే దాని నడవడి మరింత ఆశ్చర్యము గొలుపును.

ఫీదోను పొగడువారు సొరియానీ భార్యను మరచుట న్యాయము కాదు. భర్త లేని యింటినుండి ప్రతి సాయంకాలము ఆ కుక్క అతని కొరకు బయలుదేరుచుండుట చూచుట ఆమెకు సులభమా? తలచినచో గొలుసుతో కట్టివైచియుండవచ్చును. ఆమె కట్టలేదు. భర్త తెచ్చిన ప్రాణిని, దాని యాశతో గూడ, ఆమె పోషించెను.

1957 నవంబరులో బొర్గో సాన్ లొరెంజో పట్టణాధ్యక్షుడు పౌరుల యెదుట ఫీదోకు స్వర్ణపతకము బహూకరించెను. ఆమెయు ఆ సభలో నుండెను. పట్టణమున దాని విగ్రహమును నెలకొల్పిరి. కుక్కకు బంగారముతో నేమి పని? వయసు మళ్లినను అది బస్సుకడకు పోవుట మానలేదు. 1958 జూను 9వ తేదీన ఫీదో మరణించెను. లూకో శ్మశానవాటికలో సొరియానీ సమాధి కలదు. ఆ వాటికకు వెలుపల, దాని నానుకొని ఫీదోను పూడ్చిరి.