నాన్నగారి కంప్యూటరులో మిగిలిన బాకీలు

మా నాన్నగారు కర్నూలు పాత పట్టణంలో ముప్పై ఏండ్లకు పైగా దర్జీ దుకాణం నడిపారు. కుట్టుపని కంటే ఆయనకు పేరు తెచ్చినది మరొకటి. వీధిలోని వారు తమ చిన్న చిన్న పొదుపులను ఆయన వద్ద అమానతుగా దాచుకునేవారు. ఇండ్లలో పనిచేసే స్త్రీలు, తోపుడు బండిపై పండ్లు అమ్మేవారు, కూతురి పెండ్లి కోసమని నెలకు రెండు వందలో మూడు వందలో తెచ్చి ఇచ్చే తల్లులు, అందరూ ఆయన వద్దకే వచ్చేవారు. ఆ సొమ్ము ఇనుప పెట్టెలో ఉండేది. అందులో ఎవరిది ఎంత అన్నది మాత్రం ఒక పాత కంప్యూటరులో ఉండేది. నాన్నగారు కన్నుమూసిన పదవ రోజున మేము ముగ్గురు తోబుట్టువులం దానిని తెరవబోతే అది తెరుచుకోలేదు. సొమ్ము మా ఎదుటనే ఉన్నది, ఎవరిదో తెలియదు.

ఒక దర్జీకి కంప్యూటరులో లెక్కలు వ్రాయడం ఎలా అలవడిందో చెప్పవలసి ఉన్నది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పాత పట్టణాన్ని ముంచెత్తాయి. నీరు దిగిన తర్వాత కుట్టుమిషన్లు బురదలో దొరికాయి. కడిగి, నూనె పోసి వాటిని బాగుచేసుకున్నాము. ఎర్ర అట్టల ఖాతా పుస్తకాలు రెండూ మాత్రం ముద్దలైపోయాయి. నాన్నగారు ఇంటింటికీ వెళ్ళి, "నా వద్ద మీది ఎంత ఉన్నదో మీరే చెప్పండి" అని అడిగి, వారు చెప్పినదంతా మారు మాటాడక వ్రాసుకున్నారు. మరుసటి ఏడు ఒక డీటీపీ సెంటరు మూసివేస్తుంటే వారి పాత కంప్యూటరును కొని తెచ్చారు. అను ఫాంట్లతో తెలుగు టైపు చేయడం, ఎక్సెల్‌లో పట్టిక వేయడం ఆ సెంటరులోని కుర్రవాని వద్దనే నేర్చుకున్నారు. వరద వస్తే ఇది కూడా మునుగుతుంది కదా అని మా చెల్లెలు అంటే, అందుకే మేడ మీది గదిలో పెట్టించానని ఆయన సమాధానం.

జనాజా నమాజుకు ముందు మాలో పెద్దవాడు లేచి, నాన్నగారి నుండి ఎవరికైనా ఏదైనా రావలసి ఉంటే కుటుంబాన్ని కలవవలసిందిగా ప్రకటించాడు. అది మనలో ఉన్న ఆచారమే. కొందరు వచ్చారు. అయితే మొహమాటంతో రానివారు, ఊరిలో లేనివారు, కబురే తెలియనివారు ఎందరో మాకు తెలియదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజును గురించో ఉపవాసాన్ని గురించో కాదు, అప్పును వ్రాసి పెట్టుకోవడాన్ని గురించి. అన్ నిసా సూరాలో వారసుల వాటాలు చెప్పిన చోట కూడా, మృతుని వీలునామా, అప్పు తీరిన పిమ్మటే పంపకమని ఉన్నది. ఇవన్నీ మేము చిన్నప్పటి నుండి విన్నవే. ఒక పాడైన యంత్రం ముందు కూర్చున్నప్పుడు వాటి బరువు వేరుగా తోచింది. అమ్మ మాత్రం ఒక్కటే మాట అన్నది. "పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. ఎవరిది వారికి చేరేదాకా ఇంటి సంగతి, దుకాణం సంగతి ఎవరూ ఎత్తకండి."

ఆ కంప్యూటరులో మీట నొక్కితే ఫ్యాను తిరిగేది, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చేవి, విండోస్ ఎక్స్‌పీ గుర్తు కనిపించేది, అక్కడే నిలిచిపోయేది. ఊరిలోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళాము. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తే గంటలో నడుస్తుంది సార్" అన్నాడు అక్కడి యువకుడు. లోపల ఉన్నవి ఏమవుతాయని అడిగితే, పోతాయని తాపీగా చెప్పాడు. అతని దృష్టిలో కంప్యూటరు నడవడమే బాగుపడడం. మాకు కంప్యూటరు నడిచినా నడవకున్నా ఒకటే. మరొకరు డిస్కును ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్నారు. ఈ చిట్కా చాలాచోట్ల వినిపిస్తూనే ఉంటుంది. చల్లని లోహం బయటికి రాగానే దానిపై తేమ చేరుతుంది, ఆ తేమతో మిగిలినది కూడా పోవచ్చు. ఇంజనీరింగు చదువుతున్న మా చెల్లెలి కుమారుడు సెలవులకు రావడం అల్లాహ్ అనుగ్రహమే. వచ్చీరాగానే, "మామూ, దీన్ని ఇక ఆన్ చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ విండోస్ ఏదో ఒకటి దానిమీద రాస్తూనే ఉంటుంది. బాగుచేయడం సంగతి తర్వాత, ముందు నకలు తీసుకుందాం" అన్నాడు.

ఆ అబ్బాయి వివరించిన తీరు మాకు బాగా అర్థమైంది. హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే గుండ్రని పలకలు ఉంటాయి. అవి నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటే, వాటిని తాకకుండా ఒక చిన్న శిరస్సు పైన తేలుతూ చదువుతుంది. ఆ ఎడం తల వెంట్రుక మందంలో వెయ్యవ వంతు కంటే తక్కువ. మూత విప్పి చూద్దామనుకునేవారికి ఈ ఒక్క సంగతి చాలు, ఎందుకంటే మన గదిలోని ధూళి కణమే ఆ ఎడానికి కొండ వంటిది. డిస్కు నుండి టక్ టక్ మని చప్పుడు వస్తూ ఉంటే చాలావరకు శిరస్సు దెబ్బతిన్నట్లే. అప్పుడు ఇంటివైద్యం మాని, ధూళి లేని గదులు ఉన్న నిపుణులకు అప్పగించాలి. అది ఖర్చుతో కూడిన పని, ఫలితానికి హామీ ఉండదు. మా డిస్కులో ఆ చప్పుడు లేదు. పలకల మీద కొన్ని చోట్లు చదవరానివిగా మారాయి, విండోస్‌కు కావలసిన ఫైళ్ళు ఆ చోట్లలోనే చిక్కుకున్నాయి.

అది 40 జీబీల డిస్కు. వెడల్పాటి పట్టీ తీగతో, నలభై పిన్నులతో ఉండే ఐడీఈ రకం. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు నేరుగా తగలదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో వెదకి, దానిని యూఎస్‌బీకి కలిపే అడాప్టరును, దానితోపాటు డిస్కుకు విడిగా కరెంటు అందించే సాధనాన్ని మా అల్లుడు తెచ్చాడు. లినక్స్‌లో ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో పని మొదలైంది. దాని పద్ధతి మాకు ముచ్చట గొలిపింది. చదవడానికి వీలైన భాగాలను ముందు త్వరత్వరగా నకలు చేస్తుంది. మొరాయించిన చోట పంతం పట్టకుండా దాటిపోయి, ఆ చోటును గుర్తు వ్రాసుకుంటుంది. చివరకు వెనుదిరిగి వచ్చి ఆ చోట్లను చిన్న చిన్న ముక్కలుగా మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా, వ్రాసుకున్న గుర్తుల ఆధారంగా ఆగిన చోటి నుండే సాగుతుంది. 512 బైట్ల లెక్కన ఆ డిస్కులో దాదాపు 7.8 కోట్ల గడులు ఉంటాయి. వాటిలో అత్యధిక భాగం మొదటి సాయంత్రమే నకలైంది. మిగిలిన కొద్దిపాటి కోసం నాలుగు రాత్రులు పట్టింది. డిస్కు వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ఇషా నుండి ఫజర్ దాకా వంతులవారీగా కాపలా కూర్చున్నాము. అమ్మ కూడా ఒక వంతు తీసుకున్నది. తెర మీద అంకెలు మారుతుంటే ఆమె తస్బీహు తిప్పుతూ ఉండేది.

నకలులో ఖాతాల ఫోల్డరు దొరికింది. ఫైలు తెరిస్తే అంకెలు సరిగానే ఉన్నాయి గానీ, పేర్ల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. పాడైపోయిందని మా చెల్లెలు కంటతడి పెట్టింది. నిజానికి పాడైనది ఏమీ లేదు. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ రాకముందటి పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలను తొడుగుతాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. అదే నకలులో విండోస్ ఫాంట్ల ఫోల్డరు కూడా భద్రంగా ఉన్నది. అందులోని ఫాంటును ల్యాప్‌టాప్‌లో వేయగానే నాన్నగారు టైపు చేసిన పేర్లు వరుసగా కనిపించాయి. పాత తెలుగు ఫైళ్ళు ఉన్నవారు ఫైళ్ళతోపాటు ఆ ఫాంట్లను కూడా దాచుకోవాలి. లేకుంటే అన్నీ ఉండి కూడా చదవరానివిగా మిగులుతాయి.

ఆ డిస్కులో ఇంకా చాలా ఉన్నాయి. వీధివారి కోసం నాన్నగారు టైపు చేసి పెట్టిన పింఛను దరఖాస్తులు, గల్ఫ్‌లో ఉన్న కొడుకులకు తల్లులు చెప్పి వ్రాయించుకున్న ఉత్తరాలు, ఎవరివో పెండ్లి సంబంధాల వివరాలు. ఫైళ్ళ పేర్లు చూసి మేము వాటిని తెరవరాదని అనుకున్నాము. సొమ్ము ఎటువంటి అమానతో ఆ మాటలూ అటువంటివే.

చివరి సంవత్సరపు ఫైలు తెరుచుకోలేదు. చదవరాని గడులలో కొన్ని దానిలోనే పడ్డాయి. అయితే నాన్నగారికి శుక్రవారం ఉదయం ఆ ఫైలును వేరే పేరుతో మరొకసారి దాచే అలవాటు ఉండినది. అటువంటి ప్రతులలో తెరుచుకున్న చివరిది ఆయన మరణానికి ఆరు వారాల ముందటిది. ఆ ఆరు వారాల లెక్కకు మాత్రం వరద తర్వాత ఆయన చేసినట్లే ఇంటింటికీ వెళ్ళి, వారు చెప్పినది వ్రాసుకున్నాము.

పట్టికలో 43 పేర్లు ఉన్నాయి. బట్టల వ్యాపారి ఒకరు తమకు 60,000 రూపాయలు రావాలని ముందే చెప్పి ఉన్నారు. ఖాతాలో ఆ అప్పు ఉన్నది, 20,000 తిరిగి ఇచ్చిన తేదీ కూడా ఉన్నది. చూపించగానే ఆయన తన పుస్తకం తెప్పించి చూసుకుని, "ఔను, రంజానుకు ముందు తెచ్చి ఇచ్చారు, నేనే మరిచాను" అని మిగిలిన 40,000 మాత్రమే తీసుకున్నారు. అదే వీధిలో గిన్నెలు కడిగి జీవించే ఒక వృద్ధురాలు తనకు ఏమీ రావలసినది లేదని జనాజా నాడే చెప్పింది. ఆమె పేరిట 11,500 ఉన్నది. భర్త చనిపోయే ముందు తనకు తెలియకుండా దాచాడని తెలిసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

పట్టిక మొత్తానికి, పెట్టెలోని సొమ్ముకు తేడా 1,150 రూపాయలు. ఆ తేడాను మేము ముగ్గురం వేసి సరిచేశాము. అమ్మ పెట్టె తాళం మా చేతికి ఇచ్చింది. ఒక్క పేరు మాత్రం మిగిలిపోయింది. "బుట్టల అవ్వ, 4,000" అని ఉన్నది, ఊరు లేదు, వీధి లేదు. హంద్రీ ఒడ్డున బుట్టలు అల్లే కుటుంబాలను అడిగాము, సంతలో అడిగాము. ఆలూరు వైపు కూతురి ఇంటికి వెళ్ళిపోయిన ఒక ముసలమ్మ ఉండేదని గత వారం ఒకరు చెప్పారు. ఆ నాలుగు వేలు కవరులో ఉన్నాయి. వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాము.