ముందు బ్రేకంటే మనకెందుకంత భయం?



మన అసోసియేషన్‌లో పాత బండ్లు ఎంతమంది దగ్గరున్నాయో తెలీదు గానీ, వైట్‌ఫీల్డ్‌లో మా ఒక్క అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనే కవర్ల కింద మూడున్నాయి. ఒక బుల్లెట్, ఒక చేతక్, మా యెజ్డీ. మూడూ నాన్నల బండ్లే. ఆదివారం పొద్దున కవర్ తీస్తాం, నాలుగు కిక్కులు కొడతాం, ఆ సౌండ్ విని మురిసిపోతాం, ఫొటో తీసి మన గ్రూపులో పెడతాం. స్టార్ట్ అయితే చాలు, బండి బ్రహ్మాండంగా ఉన్నట్టే లెక్క. ఆగుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ పోస్టు ఆ ఆగడం గురించే. కాస్త పొడుగు, టీ పెట్టుకుని చదవండి.

మాది 1979 యెజ్డీ 250. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి. ఆ కంపెనీ 1960లో మొదలైంది. ముందు చెకోస్లొవేకియా వాళ్ల జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేసింది. 1996లో మూతపడింది. గేర్ రాడ్డే లోపలికి నొక్కి తిప్పితే కిక్ రాడ్ అయ్యే బండి అంటే అందరికీ గుర్తొస్తుంది. నాన్నగారు హిందూపురంలో కొన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన బండి ఎక్కడం మానేశాక, పోయినేడు ఇక్కడికి తెచ్చుకున్నాం. చట్టం ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు నిండాలి. మా వాడికి ఇంకా టైముంది.

వచ్చిన వారానికే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, నాకు లైసెన్స్ వచ్చిందిగా, తాతయ్య బండి నేను నడపొచ్చా?" అని. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి మా ఆవిడ తీర్పు చెప్పేసింది: "ముందు అది ఆగుతుందో లేదో చూడండి. ఆగకపోతే అమ్మేయండి."

చూశాను. వెనక బ్రేకు పడుతోంది. ముందు బ్రేకు లివర్ హ్యాండిల్‌కి ఆనుకునేదాకా నొక్కినా బండి తన దారిన తాను పోతోంది. దగ్గర్లో ఒక మెకానిక్‌కి చూపిస్తే, "పాత బండ్లంతే సార్, వెనక బ్రేకుతో నడిపేయండి" అన్నాడు.

నాన్నగారికి ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. "ముందర బ్రేకు నేనెప్పుడూ ముట్టలేదు రా. పట్టినావంటే బోల్తా పడతావు. పాపకు కూడా అదే చెప్పు."

ఈ మాట మీలో చాలామంది విని ఉంటారు. సైకిల్ నేర్చుకున్న రోజు నుంచీ మన ఇళ్లలో అందరికీ చెప్పే మొదటి పాఠం ఇదే. నాన్నగారి మాట ఊరికే కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆయన బండి నడిపిన దారులు కంకర దారులు, ఇసుక మేట వేసిన మలుపులు. అలాంటి చోట ముందు చక్రం బిగుసుకుపోతే జారిపోతుంది, జారితే పడటమే. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ఆ దారికి ఆ సలహా సరైనదే. మా అమ్మాయి నడపబోయేది మాత్రం తారు రోడ్డు. ముందు కారు, పక్కన టెంపో, మధ్యలోంచి దూరే డెలివరీ కుర్రాడు. ఇక్కడ ఆపద జారడంలో కన్నా ఆగలేకపోవడంలోనే ఎక్కువ.

బస్సు గబుక్కున ఆగితే నిలబడ్డవాళ్లంతా డ్రైవరు వైపు తూలతారు కదా. బండిలోనూ అంతే. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి తూగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తక్కువ. అందుకే పొడి రోడ్డు మీద గట్టిగా ఆగాల్సి వచ్చినప్పుడు ఎక్కువ పని చేయగలిగేది ముందు బ్రేకే. పైగా యెజ్డీ టూ స్ట్రోక్. యాక్సిలరేటర్ వదిలితే బుల్లెట్ ఇంజిన్ వెనక్కి పట్టినట్టు ఇది పట్టదు. 30 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 8 మీటర్లకు పైగా వెళ్తుంది. 60కి పెంచితే బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపు వాటికి సీబీఎస్ తప్పనిసరి చేశారు. మా యెజ్డీకి ఉన్నదల్లా ఒక కేబులు, రెండు షూలు.

సరే, విప్పుదామని కూర్చున్నాను. ముందు ఒక జాగ్రత్త. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నోటితో ఊదకండి, ఎయిర్ కొట్టించకండి, పొడి బ్రష్‌తో దులపకండి. మాస్కు పెట్టుకుని, సబ్బు నీళ్లతో తడిపి, పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

లోపల చూస్తే బ్రేకు ఎందుకు పట్టట్లేదో అర్థమైంది. లైనింగులు గాజులా నున్నగా మెరుస్తున్నాయి. ఒక షూ మీద బేరింగ్ గ్రీజు మరక. డ్రమ్ము గుండ్రం తప్పింది. కేబులు లోపల తుప్పు.

షూలకు కొత్త లైనింగ్ వేయించడానికి, కేబులు కొనడానికి కాడుగోడి నుంచి మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి జె.సి. రోడ్డుకి వెళ్లాను. జె.సి. అంటే జయచామరాజేంద్ర. ఐడియల్ జావా ఫ్యాక్టరీని ప్రారంభించింది కూడా అప్పటి మైసూరు గవర్నరుగా ఉన్న జయచామరాజేంద్ర ఒడెయరే. ఆయన ప్రారంభించిన ఫ్యాక్టరీ బండికి ఆయన పేరున్న రోడ్డులో సామాన్లు దొరకడం నాకు భలే ముచ్చటేసింది.

డ్రమ్మును మహదేవపురలో ఒక లేత్ షాపులో తిప్పించాను. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. రిమ్ము, స్పోకులు అలాగే ఉండగా చక్రం మొత్తాన్ని లేత్ మీద పెట్టించండి. హబ్ ఒక్కటే విప్పి తిప్పిస్తే, తర్వాత స్పోకులు బిగించినప్పుడు ఆ లాగుడుకి మళ్లీ గుండ్రం తప్పొచ్చు.

కొత్త లైనింగ్ వేయించగానే పని అయిపోయిందనుకోకండి. అసలు పని అక్కడే మొదలవుతుంది. లైనింగ్ వంపు, డ్రమ్ము వంపు కలవాలి. డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి, చక్రం బిగించి, తిప్పుతూ బ్రేకు మెల్లగా పట్టి, విప్పి చూడాలి. లైనింగ్ మీద సుద్ద అంటినచోటే అది డ్రమ్ముకి తగులుతోందని అర్థం. నాకు మొదటిసారి నడుమ రెండు వేళ్లంత మేరే అంటింది. అంటినచోట మాత్రమే ఎమరీ పేపర్‌తో కొంచెం రుద్ది, మళ్లీ సుద్ద, మళ్లీ బిగింపు. ఇలా ఏడుసార్లు చేస్తే గానీ లైనింగ్ అంతటా సుద్ద అంటలేదు. రుద్దేది కొత్త లైనింగైనా మాస్కు తీయకండి.

క్యామ్ మీద, షూ తిరిగే పిన్ను మీద గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే అది లైనింగ్ మీదికే చేరుతుంది. చివర్లో ఇరుసు నట్టు కాస్త వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టుకుని, ఆ పట్టు వదలకుండానే నట్టు బిగించాలి. అప్పుడు షూలు డ్రమ్ము నడిమధ్యకి సర్దుకుంటాయి. లివర్ పూర్తిగా నొక్కినప్పుడు కింద బ్రేకు ఆర్మ్, కేబులు దాదాపు ఎల్ ఆకారంలో ఉండాలి. ఆర్మ్ అంతకు మించి తిరిగిపోతే చేతి బలం వృథా.

మొత్తానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మేమిద్దరం హోటల్లో భోంచేసినంత ఖర్చు.

కొత్త లైనింగ్ కుదురుకోవడానికి మొదటి వంద కిలోమీటర్లు నేనే మెల్లగా నడిపాను. ఆ తర్వాత ఒక పొద్దున, జనం లేని లోపలి రోడ్డు మీద సుద్దతో ఒక గీత గీశాను. 30లో వచ్చి గీత దగ్గర వెనక బ్రేకు ఒక్కటే వేసి, బండి ఆగినచోట గుర్తు పెట్టాను. రెండోసారి రెండు బ్రేకులూ. రెండు గుర్తులకీ మధ్య ఒక కారు పట్టేంత దూరం తేలింది. మా ఆవిడ అక్కడే నిలబడి చూసింది. ఏమీ అనలేదు. మా ఇంట్లో దాని అర్థం ఒప్పుకున్నట్టే.

వీడియో నాన్నగారికి పంపాను. రెండుసార్లు చూసి ఫోన్ చేశారు. "ముందర బ్రేకు పట్టినా పడలేదే!" అన్నారు. కాసేపాగి, "పాపకి మెల్లగా పట్టడం నేర్పు. ఒక్కసారిగా గుంజొద్దని చెప్పు" అన్నారు. ఇన్నేళ్ల పాఠాన్ని ఒక్క ఫోన్ కాల్‌లో మార్చుకున్నారు ఆయన. నేర్పింది కూడా అదే: లివర్‌ను మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవడం, ఇసుక మీద, తడి మలుపులో తేలిగ్గా వాడటం, వాన నీళ్లలోంచి బయటికొచ్చాక బ్రేకు కాసేపు కొద్దిగా పట్టి నడిపి డ్రమ్ము ఆరబెట్టుకోవడం. ఇప్పుడు తాళంచెవి తన దగ్గరే ఉంది.

మీ ఇంట్లో కవర్ కింద బండి ఉంటే ఈ వారం ఒక పని చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బండిని చేత్తో ముందుకు తోస్తూ ముందు బ్రేకు ఒక్కటే పట్టండి. అక్కడికక్కడ ఆగకపోతే ఫొటోల సంగతి తర్వాత చూద్దాం, ముందు బ్రేకు చూద్దాం. కామెంట్లో చెప్పండి. పానాలు, ఎమరీ పేపరు నా దగ్గరున్నాయి, సుద్దముక్కలు డబ్బా నిండా ఉన్నాయి. టీ మాత్రం మీదే.