తేరుకున్నాడని మందు మానకండి

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఆరేళ్ళ కుర్రాడొకడు లుకేమియాతో, అంటే రక్త కాన్సర్‌తో, మా వార్డులో చేరాడు. నెల తిరిగేసరికి జ్వరం తగ్గి ఆటల్లో పడ్డాడు. "నయమైపోయింది కదండీ డాక్టరుగారూ, ఇంకా మందులెందుకు?" అంటూ తండ్రి ఇంటికి తీసుకుపోయాడు. నేను గట్టిగా నచ్చజెప్పలేకపోయాను. నాలుగు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. పిల్లవాడు దక్కలేదు.

ఆ తండ్రికి నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. 1947 చివర్లో అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశారు. దాన్ని తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అయితే అది కొద్ది నెలల ముచ్చటే. జబ్బు మళ్ళీ వచ్చింది. పైకి తగ్గినా చెడ్డ కణాలు లోపల దాగి ఉంటాయి మరి. అందుకే తరువాతి పరిశోధకులు రకరకాల మందులు కలిపి, రెండు మూడేళ్ళపాటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈనాడు మంచి వైద్యం పూర్తిగా అందిన చోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియా నూటికి ఎనభై మందికి పైగా నయమవుతోంది.

విడవని జ్వరం, పాలిపోవడం, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు, ఎముకల నొప్పులు కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. లుకేమియా అని తేలితే, పిల్లవాడు ఎంత హుషారుగా ఉన్నా, డాక్టరు చెప్పేదాకా మందు ఆపకండి.