లంబసింగి మంచు

సంక్రాంతి వెళ్లినా మా సంఘ యవనస్థులు వాతావరణ వార్తలు వదలలేదు. “చింతపల్లిలో ఎన్ని డిగ్రీలు?” ఇదే మాట. అంకె బాగా దిగిందనగానే వ్యాను మాట్లాడుకొని, రాజమండ్రి నుండి తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కాము.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. మరో పేరు కొర్రబయలు. ఆరుబయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరట!

తెల్లవారుజామున గడ్డిపై తెల్లని పొడి చూచి పిల్లలు “స్నో” అని కేకలు వేశారు. ఇంగ్లండులోవలె మబ్బులోనుండి రాలే మంచు కాదది. మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడి పైకి పోగా, గడ్డిపై తేమ గడ్డకడుతుంది. మబ్బు పడితే నేలకు దుప్పటి కప్పినట్టే, ప్రయాణం దండుగ. కనుక అంకెతోపాటు ఆకాశం సంగతీ వినాలి.

చలిమంట దగ్గర ఒక గిరిజన పెద్దాయన, “మీరు చూసి పోతారు బాబూ, మేం ఈ చలిలోనే పడుకోవాల” అన్నాడు.

మాతో వచ్చిన రైతు ఒకాయన మంచు వైపే చూడలేదు. ఆలస్యంగా పోసిన దాళ్వా నారుమడి ఆయన బెంగ. చలికి నారు ఎదగదు, ఆకు పసుపెక్కుతుంది. రాత్రి నిలిపిన నీరు ఉదయం తీసి కొత్త నీరు పెట్టాలి. నర్సీపట్నం దిగగానే ఇంటికి ఫోను చేసి, “నీళ్లు మార్చారా?” అని అడిగాడు.