బూజుకర్ర

మా నల్గొండ వైపు ఇంటి మూలల్లో బూజు కనబడితే తిట్లు తినేది ఇల్లాలే. "ఇంట్ల ఆడది ఉన్నదా లేదా" అన్న మాట పెరిగిన ఇంట్లోనూ, మెట్టిన ఇంట్లోనూ విన్నాను. బూజు దులిపితే దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. దులపకపోతే మాత్రం నేరం.

సాలీడు అన్న మాటే చూడండి. సాలె అంటే నేతపని చేసేవాళ్ళు. చివరి 'డు' దాన్ని మగవాణ్ణి చేసింది. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఇలాంటివి నా కంట పడుతుంటాయి. నిజానికి మనం చూసే పెద్ద గూళ్ళు చాలావరకు ఆడవాటివే. ఎదిగిన మగది చాలా జాతుల్లో గూడు అల్లడం మానేసి జోడు వెతుక్కుంటూ తిరుగుతుంది. నాకు పోచంపల్లి, పుట్టపాక ఇళ్ళు గుర్తొస్తాయి. అక్కడ ఆసు పోసే, కండెలు చుట్టే చేతులు ఎక్కువగా స్త్రీలవి. 'నేత కార్మికుడు' అన్న పేరు మాత్రం మగ్గం గుంటలో కూచున్నాయనది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసింది తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేకనే.

ఇక భయం సంగతి. మన ఇళ్ళలోని సాలీళ్ళకు విషం ఉంటుంది, కానీ అది ఈగకూ దోమకూ సరిపడేంత. మూలల్లో సన్నటి పొడుగు కాళ్ళతో వేలాడేది, గోడమీద ఎగిరి ఈగను పట్టేది, క్యాలెండరు వెనకనుంచి వచ్చి గుండె ఝల్లుమనిపించే అరచేతంతది... ఇవేవీ మనిషి ప్రాణం తీసేవి కావు. ఆ పెద్దది వేటకు గూడే అల్లదు, బొద్దింకల్ని తిని బతుకుతుంది. వానాకాలంలో తెల్లారేసరికి మెడమీద చారలా పొక్కితే సాలీడు పాకిందంటారు. చాలాసార్లు అది దీపానికి వచ్చే చిన్న పురుగు ఒంటిమీద నలిగి కారిన రసం వల్ల వస్తుంది. లేదా సర్పి కావచ్చు. సర్పికైతే మొదటి మూడు రోజుల్లో మందు పడాలి. సాలీడు మీద నెపం పెట్టి పసర్లు పూస్తూ కూచుంటే ఆ రోజులు కాస్తా పోతాయి.

భయపడాల్సింది సాలీడు చుట్టానికి. అదీ ఎనిమిది కాళ్ళదే, ఎర్ర తేలు. రాళ్ళ సందుల్లో, పిడకల కింద, కట్టెల మోపులో ఉంటుంది. అక్కడ రోజూ చెయ్యి పెట్టేదెవరు? పాటలు సేకరిస్తూ పాలమూరు పల్లెల్లో తిరిగిన రోజుల్లో, సాలీడును చూసి నేను వెనక్కి జరిగితే ఒక పెద్దమ్మ నవ్వింది. "గదేం జేస్తది బిడ్డా, ఈగలను తింటది. కట్టెలు తీసేటప్పుడు జర తట్టి తియ్యి."

తేలు కుట్టాక చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం, ఆయాసం కనిపిస్తే, అందులోనూ పిల్లలైతే, మంత్రం కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్‌తో ఈ చావులు బాగా తగ్గుతాయని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎన్నో పరిశోధనా పత్రాల్లో ఆయన పేరు పక్కనే ఉన్న డాక్టర్ ప్రమోదిని బావస్కర్ మనలో ఎందరికి తెలుసు?

ఇంకోటి కూడా చెప్పాలి. పత్తికి కొట్టగా మిగిలిన మందును ఇంటి మూలల్లో, మంచాల కింద కొట్టడం మా చుట్టాల ఇళ్ళలోనే చూశాను. ఆ గాలి పీలుస్తూ వండేదీ, ఆ నేల తుడిచేదీ ఎవరో చెప్పక్కర్లేదు. ఈగలు, దోమలు ఉన్నంతకాలం సాలీడు మళ్ళీ వస్తుంది. రాత్రి గుమ్మం మీది బల్బు ఆర్పి, గోడ పగుళ్ళు పూడ్చి, వారానికోసారి బూజుకర్ర తిప్పితే చాలు. పెద్దదాని మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జొనిపి పెరట్లో వదిలేయొచ్చు.

ఈమధ్య మా ఇంట్లో ఆదివారాలు కర్ర మా ఆయన తిప్పుతున్నాడు. పై మూలలు నాకంటే బాగా అందుతాయి. మంచం కిందికి మాత్రం ఇంకా వంగడంలేదు.